ఓడుతూ నేర్చుకునే అయస్కాంతాలు

వంతెన కట్టాక దాని మీద బరువు లారీలను నిలిపి పరీక్షిస్తారు. వంతెన తట్టుకుంటే పరీక్ష నెగ్గినట్టే. కణ త్వరణ యంత్రాల కోసం తయారయ్యే అతివాహక అయస్కాంతాల (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా విద్యుత్తును మోసే తీగలతో చుట్టినవి) పరీక్ష దీనికి పూర్తిగా తలకిందులు. అయస్కాంతంలోకి పంపే విద్యుత్తును అది విఫలమయ్యేదాకా పెంచుకుంటూ పోతారు. విఫలమయ్యాక మళ్లీ చల్లబరిచి, మళ్లీ మొదటి నుంచి పెంచుతారు. రెండోసారి అది మొదటిసారి కన్నా కాస్త ఎక్కువ ప్రవాహం దగ్గర విఫలమైతే పరీక్షశాలలో సంతోషిస్తారు. ఈ ప్రక్రియకు ఇంజనీర్లు పెట్టుకున్న పేరు ‘ట్రెయినింగ్’, అంటే శిక్షణ. లోహపు దిమ్మెకు శిక్షణ ఏమిటన్న ప్రశ్నలోనే ఈ విద్య సారమంతా ఉంది.

1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో భౌతిక శాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌కు, అంటే మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు, చల్లబరిచినప్పుడు దాని విద్యుత్ నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. అలాంటి తీగను చుట్టగా చుడితే విద్యుత్ నష్టం లేకుండా లక్ష గాస్‌ల అయస్కాంత క్షేత్రం, అంటే 10 టెస్లాలు, పుట్టించవచ్చని ఆయన త్వరలోనే లెక్క వేశాడు. కానీ సీసపు చుట్ట కొన్ని వందల గాస్‌లకే చేతులెత్తేసింది. తాను పుట్టించిన క్షేత్రానికి తానే లొంగిపోవడం అతివాహకాల పుట్టు లోపం. నయోబియం-టైటానియం లాంటి మిశ్రమ లోహాల తీగలు చేతికి రావడానికి ఆ తర్వాత అర్ధశతాబ్దం పట్టింది. వాటితో కట్టిన మొదటి పెద్ద త్వరణ యంత్రం టెవట్రాన్ అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాలలో 1983లో నడక మొదలుపెట్టింది.

అతివాహకానికి మూడు హద్దులు ఉన్నాయి: ఉష్ణోగ్రత, క్షేత్రం, ప్రవాహ సాంద్రత. మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఒకటి పెరిగితే మిగతా రెండింటికీ చోటు తగ్గుతుంది. క్షేత్రమే లేనప్పుడు నయోబియం-టైటానియం దాదాపు 9 కెల్విన్ వరకు అతివాహకంగా ఉంటుంది. అదే తీగను జెనీవా దగ్గర కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్ ద్విధ్రువ అయస్కాంతంలో (కణపుంజం దారిని వంచేది) పెట్టి, 11,850 ఆంపియర్లు పంపి, 8.33 టెస్లాల క్షేత్రంలో ఉంచితే, 1.9 కెల్విన్ చలిలో కూడా దానికి మిగిలే వెసులుబాటు ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ. దీనికి తోడు ఆ చలిలో లోహాలకు వేడిని దాచుకునే శక్తి గది ఉష్ణోగ్రతతో పోలిస్తే వేల రెట్లు తక్కువ. తీగ ఎక్కడో మైక్రాన్లలో జరిగినా, దాన్ని పట్టి ఉంచే జిగురులో వెంట్రుకవాసి పగులు వచ్చినా ఆ రాపిడి వేడి చాలు. ఆ చోట నిరోధం పుడుతుంది, నిరోధం వల్ల మరింత వేడి పుడుతుంది, ఆ వేడి పక్క తీగకు పాకుతుంది. దీన్నే క్వెంచ్ అంటారు. తెలుగులో ‘ఆరిపోవడం’ అనుకోవచ్చు, కాకపోతే ఈ దీపం ఆరినప్పుడే వేడెక్కుతుంది.

తీగలు కదలకుండా గట్టిగా బిగిస్తే సరిపోదా అనిపిస్తుంది. బిగిస్తారు. అయితే పూర్తి ప్రవాహం దగ్గర ఆ ద్విధ్రువంలో ప్రతి మీటరు పొడవు మీదా దాదాపు 400 టన్నుల బలం తీగచుట్టలను పక్కలకు నెడుతుంది. పైగా గది ఉష్ణోగ్రత నుంచి 1.9 కెల్విన్‌కు దిగేటప్పుడు 15 మీటర్ల అయస్కాంతం నాలుగు సెంటీమీటర్లకు పైగా కుంచించుకుపోతుంది. ఉక్కు, రాగి, ఇన్సులేషన్ ఒక్కొక్కటి ఒక్కో మేరకు ముడుచుకుంటాయి. ఇంత ఒత్తిడిలో ఎక్కడో ఒక తీగ సర్దుకోక తప్పదు. ఆ సర్దుబాటే మొదటి క్వెంచ్. ఒకసారి సర్దుకున్న తీగ మామూలుగా అక్కడే నిలబడుతుంది, తర్వాతి క్వెంచ్ మరో బలహీనమైన చోట, మరికాస్త ఎక్కువ బలం దగ్గర వస్తుంది. లోహపు దిమ్మెకు ఇచ్చే శిక్షణ ఇదే.

పరీక్ష బల్ల మీద ఏం జరుగుతుంది

ముందు చలితో పని లేని పరీక్షలు ఉంటాయి. చుట్టకూ నేలకూ మధ్య ఇన్సులేషన్ కొన్ని వేల వోల్టులకు తట్టుకుంటుందా, వలయాల మధ్య ఎక్కడైనా తాకిడి ఉందా, అతుకుల్లో హీలియం కారుతోందా అని చూస్తారు. చూడడానికి మామూలు తనిఖీలే, కానీ శ్రద్ధ తగ్గితే దెబ్బ తగిలేది ఇక్కడే.

వీటిలో ఒక పరీక్షకు రావలసినంత పేరు రాలేదు. కర్మాగారంలోనే, ఇంకా చల్లబరచకముందే, చుట్టల్లోకి కొద్ది ఆంపియర్ల ప్రవాహం పంపి క్షేత్రం ఆకారాన్ని కొలుస్తారు. గొట్టంలో తిరిగే సన్నని తీగచుట్ట ఆ క్షేత్రాన్ని చదువుతుంది, ఆదర్శ ద్విధ్రువం నుంచి ఎంత పక్కకు జరిగిందో పది వేలలో ఒక వంతు ప్రమాణంగా లెక్కగడతారు. కొలత అసలు ఉద్దేశం కణపుంజం దారి తప్పకుండా చూడటమే. కానీ సెర్న్ ద్విధ్రువాల తయారీలో అది మరో పనికీ వచ్చింది. చుట్టల మధ్య పెట్టాల్సిన పలుచటి రేకు మరిచిపోయినా, ఒకటికి రెండు పెట్టినా క్షేత్రం ఆకారం వెంటనే చాడీ చెప్పేది. మూసేసిన ఉక్కు కవచం విప్పకుండానే లోపల ఏ చుట్ట ఏ పక్క తప్పుగా కూర్చుందో ఊహించగలిగారు. నాడి పట్టుకుని రోగం చెప్పినట్టే.

తర్వాత చల్లబరిచే దశ. అయస్కాంతం 2.17 కెల్విన్ కిందికి దిగాక దాన్ని ముంచిన హీలియం అతిద్రవమవుతుంది. అంత బాగా వేడిని మోసుకుపోయే పదార్థం మరొకటి లేదు, 1.9 కెల్విన్‌ను ఎంచుకోవడానికి సగం కారణం అదే. ఆ తర్వాత ప్రవాహాన్ని మెల్లగా పెంచుతారు. చుట్టల పొడవునా అక్కడక్కడ అతికించిన వోల్టేజీ తీగలు నిరోధం ఎక్కడ తలెత్తుతుందో గమనిస్తుంటాయి. కొలైడర్‌లో హద్దు వోల్టులో పదో వంతు. అది సెకనులో నూరో వంతు సేపు నిలిచిందంటే క్వెంచ్ మొదలైనట్టు లెక్క.

ఇక్కడ జరిగేది పైకి వింతగా కనిపిస్తుంది. ఒకచోట వేడెక్కుతున్న చుట్టను చల్లబరచడానికి ఎవరూ ప్రయత్నించరు. చుట్టలకు ఆనించిన ఉక్కు పట్టీల్లోకి విద్యుత్తు వదిలి, మిగతా చుట్టంతటినీ కావాలనే వేడి చేస్తారు. పూర్తి ప్రవాహంలో ఒక ద్విధ్రువంలో దాగిన శక్తి దాదాపు 70 లక్షల జౌళ్లు. 35 టన్నుల ఆ అయస్కాంతాన్నే 20 మీటర్ల ఎత్తుకు లేపడానికి అది చాలు. అంత శక్తీ వేలెడు తీగలో దిగితే అది కరిగిపోతుంది, పదిహేను మీటర్ల పొడవునా పంచుకుంటే ఏమీ కాదు. ప్రవాహం సెకను లోపే పడిపోతుంది, హీలియం కుతకుతలాడి పీడనం లేస్తుంది, కవాటాలు తెరుచుకుంటాయి. మళ్లీ చల్లబడేదాకా కొన్ని గంటలు ఎదురుచూడాలి.

సెర్న్‌లోని ఎస్‌ఎం18 అనే శాలలో పన్నెండు పరీక్ష బల్లల మీద ఇలా 1706 అయస్కాంతాలను ఒక్కొక్కటిగా చల్లబరిచి పరీక్షించారు. వాటిలో 1232 ద్విధ్రువాలు, మిగతావి పుంజాన్ని కేంద్రీకరించే చతుర్ధ్రువాలతో కూడిన భాగాలు. 2007 మొదట్లో ఆ పని ముగిసింది. రేయింబవళ్లు వంతులవారీగా పరీక్షలు నడిపిన వారిలో భారత అణుశక్తి విభాగం పంపిన ఇంజనీర్లు, సాంకేతిక నిపుణులు ఉన్నారు. వారు జట్లుజట్లుగా వెళ్లి, ఒక జట్టు తిరిగి వస్తుంటే మరో జట్టు అందుకునేది. అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల తన యంత్రానికి ద్విధ్రువాల్లో కొంత వాటానే చల్లబరిచి చూసి, మిగతావాటిని గది ఉష్ణోగ్రత కొలతలతోనే అంగీకరించింది. దాని క్షేత్రం కొలైడర్‌లో సగం కూడా లేదు కాబట్టి ఆ ధైర్యం చెల్లింది. సెర్న్ అయస్కాంతాలు తమ సిద్ధాంతపరమైన హద్దులో 86 శాతం దగ్గర పనిచేయాలి. అక్కడ నమూనా పరీక్షతో సరిపెట్టుకోవడం జూదమే అవుతుంది.

శాలలోనూ కాలం అనంతం కాదు. ప్రతి క్వెంచ్‌కూ గంటలు ఖర్చవుతాయి. అందుకే కొద్దిపాటి క్వెంచ్‌ల లోపే 8.33 టెస్లాలను తగినంత తేడాతో దాటిన అయస్కాంతాన్ని ఇంకా సాధన చేయించకుండా సొరంగానికి పంపే నియమాలు పెట్టుకున్నారు. ఆ నిర్ణయం సబబే. కానీ ఒక ఊహ మీద అది నిలబడింది: ఒకసారి నేర్చుకున్నది అయస్కాంతం మరిచిపోదని.

మరుపు

మరిచిపోయింది. పరీక్ష ముగిశాక అయస్కాంతాన్ని గది ఉష్ణోగ్రతకు తెస్తారు, నిల్వ ఉంచుతారు, సొరంగంలోకి దించుతారు, మళ్లీ చల్లబరుస్తారు. 2008లో సొరంగంలోని ఒక విభాగంలో ప్రవాహాన్ని పెంచుతూ పోయినప్పుడు, శాలలో అంతకన్నా ఎక్కువ క్షేత్రం దాటిన ద్విధ్రువాలే మళ్లీ క్వెంచ్ కాసాగాయి. అదీ అన్నీ సమానంగా కాదు. ముగ్గురు తయారీదారుల్లో ఒకరి అయస్కాంతాలకు మరుపు ఎక్కువగా కనిపించింది. నమూనా ఒకటే, తీగ లక్షణాలు ఒకటే, పరీక్షలో ఫలితాలూ దాదాపు ఒకటే. తేడా ఎక్కడ పుట్టిందో శాల పరీక్ష చెప్పలేకపోయింది, ఎందుకంటే ఆ పరీక్ష అడిగిన ప్రశ్న వేరు. అది ‘ఈ క్షేత్రాన్ని చేరగలవా’ అని అడిగింది. సొరంగానికి కావలసిన జవాబు ‘వేడెక్కి చల్లబడ్డాక, మళ్లీ చేరగలవా’ అన్నదానికి. చాలా ద్విధ్రువాలను రెండోసారి చల్లబరిచి చూసే తీరిక ఎవరికీ లేదు.

ఆ మూల్యం ఇప్పటికీ చెల్లిస్తున్నారు. కొలైడర్‌ను పుంజానికి 7 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి రూపొందించారు. 2015లో 6.5కు చేరడానికి సొరంగంలోనే 150కి పైగా శిక్షణ క్వెంచ్‌లు అవసరమయ్యాయి. 2022లో మొదలైన విడతకు 6.8 దగ్గర ఆగారు, దానికీ వందల కొద్దీ క్వెంచ్‌లు పట్టాయి. పైకి వెళ్లే కొద్దీ ఒక్కో అడుగుకూ పట్టే క్వెంచ్‌ల సంఖ్య పెరుగుతుంది. శాలలో ఒక్క అయస్కాంతమే ఆరుతుంది, సొరంగంలో 154 ద్విధ్రువాలు ఒకే వరుసలో కట్టి ఉంటాయి. ఒకటి ఆరితే వరుసంతటి ప్రవాహాన్నీ దించాలి, వంద కోట్ల జౌళ్లకు పైబడిన శక్తిని బయటి నిరోధకాల్లోకి మళ్లించాలి.

వేడిని చుట్టంతా పంచుకుంటే క్వెంచ్ వల్ల ఏమీ కాదని పైన అన్నది పూర్తి నిజం కాదు. ఉవ్వెత్తున కదిలే హీలియం లోపల మిగిలిపోయిన లోహపు రజనును కూడా కదిలిస్తుంది. 2015 మార్చిలో, శిక్షణ దాదాపు ముగిశాక, ఒక ద్విధ్రువం కింద ఉండే డయోడ్ (ఆరిన అయస్కాంతాన్ని తప్పించి ప్రవాహాన్ని పక్కదారి పట్టించేది) పెట్టె భాగంలో చిన్న లోహపు ముక్క చేరి వలయాన్ని నేలకు తాకించింది. తీసేయాలంటే ఆ విభాగాన్నంతా వేడెక్కించి మళ్లీ చల్లబరచాలి, వారాల పని. చివరికి ఆ ముక్కలోంచే ప్రవాహాన్ని ఒక్కసారిగా పంపి, ఇంట్లో ఫ్యూజు పోయినట్టు దాన్ని కాల్చేశారు. 2018 డిసెంబరులో మొదలైన సుదీర్ఘ విరామంలో 1232 డయోడ్ల దగ్గరా అదనపు ఇన్సులేషన్ వేశారు.

పరీక్ష చూడని చోటు

2007 మార్చి 27న సొరంగంలో పీడన పరీక్ష చేస్తుండగా, కణపుంజాలను ఢీకొనే చోట కేంద్రీకరించే ఫెర్మీ ప్రయోగశాల చతుర్ధ్రువాల్లో ఒకదాని ఆధారాలు విరిగిపోయాయి. 20 బార్ల పీడనం దగ్గర ఇది జరిగింది. కారణం అతివాహకత్వానికి సంబంధం లేనిది. పీడనం రెండు చివరల మీదా సమానంగా పడదన్న సంగతి ఆధారాల లెక్కలో చేరలేదు. అయస్కాంతం విడిగా ఉన్నప్పుడు ఈ ఏకపక్ష తోపుడు ఉండదు. వరుసలో బిగించి పీడనం ఎక్కించినప్పుడే బయటపడింది. ఎవరికీ గాయం కాలేదు, మార్పులు చేసి సరిదిద్దారు. దాన్ని పరీక్ష వైఫల్యం అనడం తప్పు, ఆ రోజు పరీక్ష తన పని తాను చేసింది.

2008 సెప్టెంబరు 19 కథ వేరు. మొదటి పుంజం తిరిగి తొమ్మిది రోజులే అయింది. చివరి విభాగంలో ప్రవాహం 8,700 ఆంపియర్లకు చేరినప్పుడు ఒక ద్విధ్రువానికీ పక్కనున్న చతుర్ధ్రువానికీ మధ్య అతుకు తెగి విద్యుత్ చాపం లేచింది. హీలియం గది చిరిగింది, టన్నుల కొద్దీ హీలియం శూన్య కవచంలోకి, సొరంగంలోకి పొంగింది, ఆ తోపుడుకు అయస్కాంతాలు నేలలోని కొక్కేలను ఊడబెరుక్కుని జరిగాయి. 53 అయస్కాంతాలను పైకి తీయాల్సి వచ్చింది. యంత్రం మళ్లీ నడిచింది 2009 నవంబరులో.

విరిగింది అయస్కాంతం కాదు, రెండు అయస్కాంతాలను కలిపే అతుకు. ఎస్‌ఎం18 శాలలో ప్రతి అయస్కాంతాన్నీ పరీక్షించారు, కానీ ఈ అతుకులు అక్కడ ఉండవు. సొరంగంలో వాటిని టంకం వేసి చేస్తారు, మొత్తం పది వేలకు పైగా. మంచి అతుకు నిరోధం నానో ఓమ్‌లో కొన్ని పదో వంతులే. ఆ ఒక్కటీ సుమారు 220 నానో ఓమ్‌లు ఉన్నట్టు తర్వాత లెక్క తేలింది. బాధ కలిగించే వివరం ఒకటుంది. ప్రమాదానికి కొద్ది రోజుల ముందు అదే విభాగాన్ని 7,000 ఆంపియర్ల దగ్గర నడిపినప్పుడు, ఆ చోట హీలియం ఉష్ణోగ్రత కెల్విన్‌లో నూరో వంతుల మేర పెరిగింది. నమోదు అయింది కూడా. పది వాట్లు దాటిన వేడి అది, చిన్న బల్బుకు సరిపడేంత. వర్గం చేసిన ప్రవాహాన్ని 220 నానో ఓమ్‌లతో గుణిస్తే సరిగ్గా అంతే వస్తుంది. సమాచారం ఉంది, దాన్ని అడిగే ప్రశ్న లేదు. ఆ తర్వాత అన్ని విభాగాల్లోనూ ఉష్ణోగ్రతను బట్టి అతుకులను వెతికే పద్ధతి వచ్చింది. అప్పటిదాకా పరీక్ష అంటే ‘ఎంత ప్రవాహం తట్టుకుంది’ అనేదే, ఆపై ‘తట్టుకునేటప్పుడు ఎంత వెచ్చబడింది’ అనేది కూడా చేరింది. నిజానికి రెండో ప్రశ్నే ఎక్కువ చెబుతుంది.

నేర్చుకోవడం ఆగిపోయే లోహం

10 టెస్లాలు దాటాలంటే నయోబియం-టైటానియం చాలదు. నయోబియం-టిన్ కావాలి. అది పింగాణీలా పెళుసు. కాబట్టి మెత్తగా ఉన్నప్పుడే చుట్ట చుట్టి, దాదాపు 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర రోజుల తరబడి కాల్చి, అప్పుడు జిగురు పోస్తారు. ఆ తర్వాత కాస్త వంగినా లోపలి పోగులు విరుగుతాయి. కొలైడర్ సామర్థ్యం పెంచే ప్రణాళికకు ఈ లోహంతోనే కొత్త చతుర్ధ్రువాలు చేస్తున్నారు. ప్రవాహం 16,230 ఆంపియర్లు, చుట్ట మీద గరిష్ఠ క్షేత్రం 11.3 టెస్లాలు. అమెరికాలో చేసిన 4.2 మీటర్ల ముక్కలను బ్రూక్‌హేవెన్‌లో నిలువుగా, జంటలుగా అమర్చాక ఫెర్మీ ప్రయోగశాలలో అడ్డంగా పరీక్షిస్తారు. సెర్న్‌వి 7.2 మీటర్లు.

ఇక్కడ పరీక్ష రేఖను చదివే తీరే మారింది. క్వెంచ్‌ల వరుస పైకి పోతుంటే చుట్ట సర్దుకుంటోందని అర్థం. ఒకచోట నిలిచిపోతే రెండు సందేహాలు: తీగ హద్దుకు చేరిందా, బిగింపు సరిగా లేదా? విడదీయడానికి చక్కని ఉపాయం ఉంది. ఉష్ణోగ్రతను 1.9 నుంచి 4.5 కెల్విన్‌కు పెంచి మళ్లీ చూస్తారు. క్వెంచ్ ప్రవాహం లెక్క ప్రకారం తగ్గి, ప్రతిసారీ ఒకే చోట మొదలైతే తప్పు తీగలోనే. ఉష్ణోగ్రతను పట్టించుకోకుండా చోటు మారుతూ ఉంటే తప్పు బిగింపుది. ఇక వరుస కిందికి దిగుతుంటే శిక్షణ కాదు, గాయం. సెర్న్‌లో చేసిన మొదటి రెండు 7.2 మీటర్ల నమూనాలు 1.9 కెల్విన్ దగ్గర నిర్దేశిత ప్రవాహాన్ని చేరలేకపోయాయి. చుట్టలను కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే విరిగిన పోగులు కనిపించాయి. తయారీలో ఏయే దశల్లో చుట్ట మీద ఒత్తిడి పడుతోందో వెతికి మార్చాక తర్వాతివి చేరాయి. అదే లోహంతో ఉద్దేశించిన 11 టెస్లాల ద్విధ్రువాల అదృష్టం అలా లేదు. వేడెక్కించి చల్లబరిచే కొద్దీ వాటి సామర్థ్యం తరిగింది, సొరంగంలోకి దించే ఆలోచనను పక్కన పెట్టారు. 2008 నాటి ప్రశ్నే, ‘మళ్లీ చేరగలవా’, ఈసారి శాలలోనే అడిగారు. అందుకే వాటి లోపం శాలలోనే తేలింది.

అధిక ఉష్ణోగ్రత అతివాహకాలకు ఈ పద్ధతి కూడా పూర్తిగా పనికిరాదు. వాటికి వెసులుబాటు పదుల డిగ్రీలు ఉంటుంది కాబట్టి తేలిగ్గా ఆరవు. ఆరితే మాత్రం ఆ మంట సెకనుకు సెంటీమీటర్లలోనే పాకుతుంది, ఒకే చోట కాలుతూ ఉంటుంది. వోల్టులో పదో వంతు కనిపించేలోపు తీగ పోవచ్చు. చుట్టలో పొదిగిన కాంతి తంతువులతో ఉష్ణోగ్రతను కనిపెట్టడం, లోహం చేసే సన్నని శబ్దాలను వినడం లాంటి దారులు వెతుకుతున్నారు.

ఈలోగా ఎస్‌ఎం18 శాలలోనే కొత్త చతుర్ధ్రువాలను, వాటి పక్కనుండే అయస్కాంతాలను, కరెంటు మోసే అతివాహక తీగలను సొరంగంలో ఉండబోయే వరుసలోనే ఒకదానికొకటి కలిపి బిగించారు. వరుస పరీక్ష కొత్తదేమీ కాదు. 1994లోనే కొలైడర్ నమూనాలతో ఒకటి నడిపారు, 2001లో మరొకటి. అయినా పది వేలలో ఒక చెడ్డ టంకం వాటికి చిక్కలేదు, చిక్కే వీలూ లేదు. వరుస పరీక్ష నమూనాలోని తప్పును పడుతుంది, సొరంగంలో ఒక రోజు ఒక చేయి చేసిన తప్పును కాదు. ఆ రెండో రకాన్ని పట్టడానికి ఇప్పటికీ ఉన్నవి ప్రతి అతుకుకూ నానో ఓమ్‌ల కొలత, విభాగాలు చల్లబడ్డాక నూరో వంతు కెల్విన్ తేడాలను గమనించే ఉష్ణమాపకాలు.